ఏటిగట్టు గోదారిని ఆపదు

“ఎన్ని కట్టుకున్నా, ఎన్నిసార్లు కడుక్కున్నా వచ్చేవోళ్లకి వచ్చిందండి, రానోళ్లకి రాలేదండి. అంతే.”

సఖినేటిపల్లి రేవులో నర్సాపురం వెళ్లే పంటి కోసం నిలబడ్డప్పుడు విన్నానీ మాట. అమలాపురం గడియారస్తంభం దగ్గర టీ కొట్లో విన్నాను. కొత్తపేటలో ఒక ఇంటికి పలకరింపుకి వెళితే అక్కడా విన్నాను. అక్కడ ఆ మాట అన్నవాడు 2021 మే నెలలో కన్నతండ్రిని పోగొట్టుకున్నవాడు, అందుకే ఆ పూట నేను నోరు మెదపలేదు. చదువుకున్నవాళ్లు ఇదే మాటని కాస్త చక్కబెట్టి చెబుతారు. మాస్కులూ సబ్బులూ దూరాలూ అంతా హడావుడేనట, కరోనా వైరస్ తన దారిన వచ్చి తన దారిన పోయిందట, మధ్యలో మనం చేసిందేమీ లేదట. అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించాక దీనికి ఎదురు చెప్పేవాళ్లు కూడా కరువయ్యారు. పోయిన గొడవ మళ్లీ తవ్వడం ఎందుకని తెలిసినవాళ్లు ఊరుకున్నారు. వాళ్లు ఊరుకోబట్టి అదే నిజంగా చెలామణీ అవుతోంది.

అది నిజం కాదు. పోనీలే అని వదిలెయ్యదగ్గ పొరపాటు కూడా కాదు. రేపు ఇంకో మహమ్మారి వస్తే మొదటి నెలలో మనం ఎలా నడుచుకుంటామో ఇవాళ టీ కొట్లో మనం నమ్ముతున్న మాటే నిర్ణయిస్తుంది.

ఆ వాదన మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: ఆపలేదు కాబట్టి పనిచెయ్యలేదు. ఇంకెవరైనా అంటే సరే గానీ కోనసీమలో పుట్టినవాడు అనాల్సిన మాట కాదిది. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, వరదొస్తే ఏటి మట్టం కంటే పల్లంలో ఉండిపోయే ఊళ్లలో బతుకుతున్నవాళ్లం మనం. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మన పిల్లలకి ఎక్కాలతో పాటే వస్తాయి. బ్యారేజీకున్న 175 గేట్లూ ఎత్తి నీళ్లు సముద్రంలోకి వదులుతారే గానీ వరదని ఎవరూ ఆపరు. ఏటిగట్టు పనీ అదే. పోటు ఊరి మీద పడకుండా, ఒక్కసారిగా పడకుండా చూడటం. పది రోజుల మీద మెల్లగా దిగిపోయే నీరు లంకలకి ఒండ్రు పెట్టి పోతుంది. అదే నీరు రెండు రోజుల్లో విరుచుకుపడితే పాకలూ పశువులూ కొట్టుకుపోతాయి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగాయి. ఆ తర్వాత మనలో ఒక్కడైనా “గట్లు దండగండి, తీసెయ్యండి” అన్నాడా? ఇంకా ఎత్తు పెంచమని అడిగాం, బలహీనమైన చోట రాయి వెయ్యమని అడిగాం. నీళ్ల విషయంలో తరతరాలుగా మనకున్న ఈ బుద్ధి జబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

2020 ఆగస్టు గుర్తు తెచ్చుకోండి. ఒకపక్క ధవళేశ్వరం మూడో హెచ్చరిక దాటి లంకలు మునిగాయి. ఇంకోపక్క అప్పటి మన తూర్పుగోదావరి జిల్లాలో రోజుకి వెయ్యికి పైగా కరోనా కేసులు. వరద అంచనా కోసం టీవీకి అతుక్కుపోయి, గట్టు మీద ఇసుక బస్తాలు వేసిన మనిషే మర్నాడు సంతలో మాస్కు గడ్డం కిందకి లాగి “ఇదేం ఆపుద్దండీ” అన్నాడు.

జబ్బులో పోటు అంటే ఏమిటో చెబుతాను. వెయ్యి మందికి ఆరు నెలల మీద జబ్బు రావడం, అదే వెయ్యి మందికి మూడు వారాల్లో రావడం ఒకటి కాదు. మనుషులు అంతమందే, జబ్బూ అదే, చావులు మాత్రం వేరు. రాజోలు పక్క పల్లెలో అర్ధరాత్రి ఒక మనిషికి ఊపిరి అందడం లేదనుకోండి. అమలాపురం తీసుకురావాలి, అక్కడ మంచం లేకపోతే కాకినాడ పరుగెత్తాలి. దారిలో సిలిండర్ అయిపోకూడదు. వెళ్లాక అక్కడ మంచం ఉండాలి, మంచం దగ్గర ఆక్సిజన్ పైపు ఉండాలి, పైపు చూసే నర్సుకి ఆ రాత్రి ఇరవయ్యో ముప్ఫయ్యో రోగులే ఉండాలి గానీ నూరుమంది ఉండకూడదు. ఈ వరసలో ఒక్కటి తప్పినా మనిషి దక్కడు. 2021 మేలో చాలామందికి అలాగే తప్పింది. మే 16న రాష్ట్రంలో ఒక్కరోజులో 24 వేలు దాటి కేసులు వచ్చాయి. కొందరిని జబ్బు చంపింది. ఇంకొందరికి మంచం దొరక్కుండా చేసి చంపింది వరస. ఆ వరసలో ముందు నిలబడ్డవాడు రెండు నెలలు ఆలస్యంగా జబ్బు పడి ఉంటే వెనకవాడికి మంచం దొరికేది.

కొంచెం లెక్క వేద్దాం, బళ్లో వేసే లెక్కే. ఒక రోగి నుంచి సగటున రెండున్నర మందికి అంటుకుంటోందనుకుందాం. మొదట్లో ఈ వైరస్‌కి శాస్త్రవేత్తలు కట్టిన అంచనా ఇంచుమించు అంతే. వాళ్ల నుంచి ఇంకో రెండున్నర రెట్లు. ఇలా పది విడతలు తిరిగేసరికి, అంటే యాభై రోజులు అటూ ఇటూగా, ఆ పదో విడతలో కొత్తగా మంచాన పడేవాళ్లు తొమ్మిదిన్నర వేల మంది. ఇప్పుడు ఊరంతా కలిసి ఆ రెండున్నరని ఒకటిన్నరకి తెచ్చారనుకోండి. పదో విడతలో కొత్త రోగులు 58 మంది. తొమ్మిదిన్నర వేలు ఎక్కడ, యాభై ఎనిమిది ఎక్కడ! ఒకటిన్నరకి తేవడానికి ఎవరూ గోడ కట్టక్కర్లేదు. అంటుకునే అవకాశాన్ని నూటికి నలభై పాళ్లు తగ్గిస్తే చాలు. మాస్కు కొంత తగ్గిస్తుంది, తెరిచిన కిటికీ కొంత, జ్వరం వచ్చినవాడు ఇంట్లో ఆగడం ఇంకొంత. ఏ ఒక్కటీ పూర్తిగా ఆపదు, నిజమే. మూడూ కలిస్తే పదివేలు పదుల్లోకి వస్తుంది. “సగం సగం పనిచేసేది పనిచెయ్యనట్టేగా” అనేవాడు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి.

“ఎలాగైనా చివరికి అందరికీ వచ్చేసిందిగా” అనేది రెండో మాట. ఎప్పుడు వచ్చిందన్నదే అసలు సంగతి. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాష్ట్ర ప్రభుత్వం రక్త పరీక్షల సర్వే చేయిస్తే అప్పటికి వైరస్ తగిలి ఉన్నవాళ్లు నూటికి 19.7 మంది. ఆరు నెలలు గడిచాక కూడా ప్రతి ఐదుగురిలో నలుగురికి జబ్బు ఇంకా చేరలేదన్నమాట. 2021 జనవరి 16న టీకా మొదలైంది. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకి, ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటినవాళ్లకి వేశారు. టీకా ఒంట్లో పడ్డాక జబ్బు వచ్చినవాడికీ అంతకుముందే వచ్చినవాడికీ తేడా మీ వీధిలోనే ఉంది, వెళ్లి చూడండి. మా అమ్మకి వచ్చింది 2022 జనవరిలో, రెండు డోసులూ అయ్యాక. నాలుగు రోజులు జ్వరం, ఒక వారం నీరసం. అప్పటికి ఆవిడకి ఎనభై ఒకటి. అదే జబ్బు 2020లో తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవాలని లేదు. ఆ ఏడాదిన్నర ఆవిడకి ఊరికే దొరకలేదు. మేం మనవల్ని గదిలోకి పంపలేదు, ఆవిడ భోజనం పంచలోకి మార్చాం, బయట నుంచి వచ్చినవాణ్ణి అరుగు మీదే కూర్చోబెట్టాం. అలా మిగిలిన కాలం అది.

ఇవన్నీ నీ నమ్మకాలు, రుజువేదీ అంటారు. రుజువు ఎక్కడో కాదు, మన రాష్ట్రంలోనే ఉంది, మన ఆడవాళ్లు చెమటోడ్చి పోగుచేసింది. మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి సంకలో పెట్టుకుని తిరిగేది. రిజిస్టరుకి పురికొసతో పెన్ను కట్టి ఉండేది. మెట్ల కింద నిలబడి అడిగేది: “మాస్టారండీ, మీ తమ్ముడుగారికి పాజిటివ్ వచ్చిందంటగా, ఈ వారంలో ఎవరెవరు కలిశారండీ? ఒక్క బండి మీద వెళ్లారా? కలిసి భోంచేశారా?” విసుక్కున్నవాళ్లున్నారు, తలుపు వేసినవాళ్లున్నారు. ఆవిడ రాసుకునే వెళ్లింది. అలాంటి రిజిస్టర్ల లెక్కలు ఆంధ్రప్రదేశ్ నుంచీ తమిళనాడు నుంచీ తీసుకుని రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020 చివర్లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. 84,965 మంది రోగులు, వాళ్లని కలిసి పరీక్ష చేయించుకున్న 5,75,071 మంది. అప్పటికి ప్రపంచంలో ఇంత పెద్ద లెక్క ఇంకెక్కడా లేదు.

అందులో ఏం తేలిందో వినండి. ఏ రక్షణా లేకుండా రోగికి దగ్గరగా మసిలినవాళ్లలో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.7 మందికి అంటుకుంది. దగ్గర్లో ఉన్నా అంతగా రాసుకుపూసుకు తిరగనివాళ్లలో 4.7 మందికే. సగానికన్నా తక్కువ. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లలో నూటికి 9 మందికి, బయట ఊళ్లో కలిసినవాళ్లలో 2.6 మందికి. ఇక రోగి పక్కన ఒకే వాహనంలో ఆరు గంటలకి పైగా ప్రయాణం చేసినవాళ్లలో నూటికి 79 మందికి! ఇంకోటి, ప్రతి పదిమంది రోగుల్లో ఏడుగురి కాంటాక్టుల్లో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. కొద్దిమంది నుంచే, కొన్ని చోట్లే, కుప్పగా అంటుకుంది. ఏటికి ఆవల జి.మామిడాడలో 2020 మే నెలలో గుంపుగా కేసులు బయటపడ్డప్పుడు మనం చూసింది అదే.

“వచ్చేవోళ్లకి వచ్చింది” అన్న మాటకి ఇంతకంటే సూటి సమాధానం నాకు తెలీదు. వైరస్ నుదుటి రాత చూసి రాలేదు. మూసిన కారు చూసి వచ్చింది, ఎన్ని గంటలు కూర్చున్నామో చూసి వచ్చింది, మధ్యలో ఎంత ఎడం ఉందో చూసి వచ్చింది. ఆ మూడూ మన చేతిలోవి.

“పెట్టుకున్నోళ్లకీ వచ్చిందిగా?” వచ్చింది. అయితే ఎలా పెట్టుకున్నామో కూడా చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్‌లో మా దగ్గరి బంధువుల పెళ్లి. ఊరి మొదట్లో పోలీసు ఉన్నాడని అందరూ బళ్ల మీద మాస్కులు కట్టుకుని వచ్చారు, తోటల మధ్య రోడ్డు మీద, ఎదురుగాలిలో. హాల్లోకి అడుగు పెట్టగానే తీసి జేబులో పెట్టుకున్నారు. ఏసీ ఆన్ చేశారు కాబట్టి తలుపులు మూశారు. మూడొందల మంది, భజంత్రీలు, వాటిని మించి వినపడాలని చెవిలో అరుచుకుంటూ మాటలు. అక్షింతలు వెయ్యడానికి తోపులాట. భోజనాల దగ్గర ఒక బంతి లేవకముందే కుర్చీల వెనక ఇంకో బంతి నిలబడి ఉంది, తింటున్నవాళ్ల మెడ మీద ఊపిరి వదులుతూ. పది రోజుల తర్వాత ఆ పెళ్లి నుంచి ఎంతమందికి జ్వరాలొచ్చాయో లెక్కపెట్టడం మానేశాను. వాళ్లలో ప్రతివాడూ ఇవాళ నాతో “మాస్కు పెట్టుకునే వెళ్లామండీ” అంటాడు. ఎక్కడ అక్కర్లేదో అక్కడ కట్టుకున్నాం, ఎక్కడ ప్రాణాధారమో అక్కడ తీసేశాం.

ఇందులో జనం తప్పొక్కటే లేదు. చెప్పినవాళ్లూ తప్పు చెప్పారు, అది ఒప్పుకోకుండా ఈ వాదన ముందుకు నడవదు. ఇది గాలి ద్వారా పాకేది కాదని 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రకటించింది. జులైలో లిడియా మొరావ్‌స్కా ముందు నిలబడి 239 మంది శాస్త్రవేత్తలు గాలిని పట్టించుకోమని బహిరంగ లేఖ రాశారు. అయినా ఆ సంగతి సూటిగా ఒప్పుకోవడానికి 2021 దాకా పట్టింది. ఆలోగా మనం ఏం చేశాం? వీధుల్లో బ్లీచింగ్ చల్లాం, రోడ్ల మీద హైపోక్లోరైట్ కొట్టాం, కూరగాయలు ఉప్పు నీళ్లలో నానబెట్టాం. వీధుల్లో మందు కొట్టడం వల్ల ఉపయోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పినా ట్రాక్టర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే అది కంటికి కనపడే పని. కిటికీ తెరవడం ఎవరికీ పనిలా కనపడలేదు. గాలి మాట కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం సూచనల్లో గట్టిగా వినిపించింది 2021 మే 20న. నోటి తుంపర్లు రెండు మీటర్లలో రాలిపోయినా సన్నని కణాలు పది మీటర్ల దాకా వెళతాయని, తలుపులూ కిటికీలూ తెరవమని అందులో చెప్పారు. అప్పటికి మన ఊళ్లలో చావు డప్పులు మోగుతున్నాయి. కొన్ని జాగ్రత్తలు పనికిరానివని తేలితే పనికిరానివాటిని వదలాలి గానీ పనికొచ్చేవాటిని కూడా వాటితో కలిపి గోదాట్లో పారెయ్యకూడదు.

మాస్కు సంగతికి వద్దాం. మనలాంటి డెల్టాయే, ఏళ్లూ చెరువులూ వరి చేలూ చేపలూ ఉన్న దేశం బంగ్లాదేశ్. అక్కడ 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా 600 గ్రామాల్లో, 3,42,000 మంది పెద్దవాళ్ల మీద ఒక పరీక్ష పెట్టారు. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, ఇంటింటికీ చెప్పి, సంతలో గుర్తు చేశారు. మిగతా ఊళ్లని వాటి మానాన వదిలేశారు. పంచని ఊళ్లలో సరిగ్గా పెట్టుకున్నవాళ్లు నూటికి 13 మంది, పంచిన ఊళ్లలో 42 మంది. ఆ కాస్త తేడాకే, అంటే సగం మందికి పైగా పెట్టుకోకపోయినా, సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో బయటపడి రక్త పరీక్షలో ఖాయమైన కేసులు నూటికి 11 పాళ్లు తగ్గాయి. అరవై దాటినవాళ్లలో 35 పాళ్లు తగ్గాయి. గుడ్డ మాస్కుల ప్రభావం మాత్రం అంత స్పష్టంగా తేలలేదు. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు కుట్టించాలని తలపెట్టారు. డ్వాక్రా మహిళలు రాత్రింబవళ్లు కుట్టారు, మూడు మడతలు, రెండు పక్కలా నాడాలు. వాళ్ల శ్రమని తక్కువ చెయ్యను, అప్పటికి దొరికింది ఆ గుడ్డే. ఇంకోసారి వస్తే మాత్రం గుడ్డ దగ్గర ఆగకూడదు.

2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షని చూపించి “మాస్కులు దండగని ప్రపంచమే తేల్చింది” అనేవాళ్లు ఇప్పుడు ఫోన్లలో ఎక్కువయ్యారు. అదే కాక్రేన్ సంస్థ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ ఆ మార్చిలోనే స్వయంగా వివరణ ఇచ్చారు. మాస్కులు పనిచెయ్యవని తేలిందనడం తప్పు, ఉన్న అధ్యయనాలతో గట్టిగా ఏదీ తేల్చలేకపోయామన్నదే సరైన అర్థం అని. వివరణ మన ఫోన్లకి చేరలేదు.

చేతులు కడుక్కోవడం గురించి ఒక్క మాట చాలు. ఈ వైరస్ విషయంలో దానికి ఇచ్చిన పీట ఎక్కువే, గాలికి ఇవ్వాల్సింది తక్కువైంది. కానీ 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కరాచీ బస్తీల్లో సబ్బు పంచి నేర్పితే అయిదేళ్ల లోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి పడిపోయింది, విరేచనాలు సగానికి మించి తగ్గాయి. సబ్బుకి కరోనాతో పని తీరినా మనతో తీరలేదు. సబ్బుకి నీళ్లు కావాలి, మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. చేతులు కడుక్కోలేదని జనాన్ని తిట్టేవాళ్లు ముందు ఆ కుళాయి సంగతి అడగాలి.

ఇక పనికిరాని నమ్మకాలు చూడండి. మన ఎండలకి వైరస్ బతకదన్నారు, మే నెల ఎండల్లోనే శ్మశానాలు నిండాయి. కషాయం తాగితే దగ్గరికి రాదన్నారు. కృష్ణపట్నం నాటుమందు కోసం 2021 మేలో వేలమంది ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డారు. ఆ మందు మంచిదో కాదో నాకక్కర్లేదు, ఆ వరసలో నిలబడటమే జబ్బు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ లాక్‌డౌన్‌ది. అది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. దింపు తీసేవాడు చెట్టెక్కలేదు, వలుపు కూలీలకి పని పోయింది, అంబాజీపేటలో కొబ్బరి కొనేవాడు లేడు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు గదుల్లో ఇరుక్కుని తిండికి అల్లాడారు, తిరిగొచ్చినవాళ్లని ఊరే వెలివేసినట్టు చూసింది. ఆ కోపం న్యాయమైనది. అయితే ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటున్నాం? లాక్‌డౌన్‌నీ మాస్కునీ ఒకే గాట కట్టేసి, దాని మీద కోపంతో దీన్ని పారేశాం. నిజానికి అవి ఒకదానికొకటి ఎదురు. ఊరు తెరిచి ఉంచడం కోసమే మాస్కూ కిటికీ. జనం రోజువారీ జాగ్రత్త వదిలేసినప్పుడే ప్రభుత్వం తాళం తీసుకుని వస్తుంది. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రం మొత్తం మీద రోజుకి వంద కేసులు కూడా లేని రోజులున్నాయి. పంచాయతీ ఎన్నికలు చేసుకున్నాం, పెళ్లిళ్లు చేసుకున్నాం, పోయిందనుకున్నాం. తర్వాత వచ్చిన డెల్టా రకం వైరస్ ఎక్కువ వేగంగా పాకింది, అది మన చేతిలో లేదు. దానికి మూసిన హాళ్లు మాత్రం మనమే ఇచ్చాం. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మళ్లీ దింపు ఆగింది, మళ్లీ కూలివాడే నష్టపోయాడు. లాక్‌డౌన్ వల్ల చితికిపోయినవాడు రోజువారీ జాగ్రత్తలని అందరికంటే గట్టిగా పట్టుకోవాలి, మళ్లీ ఆ తాళం పడకూడదంటే వాడికున్న దారి అదొక్కటే.

లాఠీతో చెప్పిన జాగ్రత్త కూడా జాగ్రత్తకే చేటు చేసింది. చీరాలలో 2020 జులైలో మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు, వాళ్లు కొట్టారన్న ఆరోపణల మధ్య ప్రాణం పోగొట్టుకున్నాడు. మనిషిని బతికించడానికి పెట్టిన గుడ్డ ముక్క మనిషి చావుకి కారణమైతే ఇక దాన్ని ఎవరు గౌరవిస్తారు?

ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. “మన పెద్దవాళ్లు మడీ అంటూ ఊరికే పెట్టలేదు, ఇప్పుడు ప్రపంచమంతా మన ఆచారానికే వచ్చింది” అని 2020లో మురిసిపోయినవాళ్లు మన సీమలో ఎందరో. “సామాజిక దూరం” అన్న మాట వాళ్లకి బాగా కలిసొచ్చింది. భౌతిక దూరం అనమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే మార్చినా ఇక్కడ చాలా నోళ్లు పాత మాట వదల్లేదు. అంటరానితనం జబ్బుని చూసి పెట్టింది కాదు, పుట్టుకని చూసి పెట్టింది. జబ్బు దూరం ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పాటించేది, కొన్ని రోజుల్లో తీరిపోయేది, మునసబుకీ పాలేరుకీ ఒకటే. అంటరానితనపు దూరం ఒక్కవైపే, తరాల తరబడి, పనికి దగ్గర, పలకరింపుకి దూరం. కరోనా రోజుల్లో మన శవాలు మోసినవాళ్లు, మన వీధులు ఊడ్చినవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో ఈ రెండు దూరాలనీ ఒకటి చేసి మాట్లాడేవాడు అటు శాస్త్రానికీ ఇటు మనిషికీ అన్యాయం చేస్తున్నాడు.

జాగ్రత్తలు పనిచేశాయని ఇంకా నమ్మకం కుదరనివాళ్లకి ఒక సంగతి. మామూలు ఫ్లూ వైరస్‌లలో బి-యమగాట అనే తెగ ఒకటుంది. ఏటా ప్రపంచమంతా తిరిగేది, టీకాలో దానికీ ఒక వాటా ఉండేది. 2020 మార్చి తర్వాత అది ఎక్కడా ఖాయంగా దొరకలేదు. ఇక టీకాలో అది అక్కర్లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మాస్కుల గొప్పే ఇదంతా అనను. బడులు మూశారు, విమానాలు ఆగాయి, అన్నీ కలిశాయి. కానీ మనుషుల నడవడి మారితే వైరస్‌కి దారులు మూసుకుపోవన్నవాడు ఈ తెగ ఎక్కడికి పోయిందో చెప్పాలి.

మన ప్రభుత్వ లెక్కల్లోనే రాష్ట్రంలో 23 లక్షలు దాటి కేసులు, 14,700 మందికి పైగా చావులు. జిల్లాల్లో అందరికంటే ఎక్కువ కేసులు మన ఉమ్మడి తూర్పుగోదావరివి. ఇంత చూసిన నేల మీద నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పీహెచ్‌సీ గదుల్లో గాలి ఆడాలి. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి హాజరు కోసం బడికి పంపమనకూడదు. దగ్గుతున్నవాడు ఆసుపత్రిలోనో బస్సులోనో మాస్కు కట్టుకుంటే వింతగా చూడకూడదు. కొత్తగా కట్టే హాళ్లకి అనుమతి ఇచ్చే ముందు కిటికీలు చూడాలి. అరుగులూ పంచలూ పందిళ్లూ మనకి కొత్తా? కొబ్బరాకు పందిరి కింద పెళ్లి చేసుకున్న తరం ఇంకా బతికే ఉంది.

మొన్న మాఘమాసంలో మళ్లీ ఒక పెళ్లికి వెళ్లాను, ఊరు చెప్పను. ఏసీ హాలు. ముందు వరసలో ఒక పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆగకుండా దగ్గుతున్నాడు. పక్కన నెలల బిడ్డతో ఒక బాలింత. హాలు చూసుకునే కుర్రాణ్ణి పిలిచి వెనక తలుపన్నా తియ్యమన్నాను. “ఇప్పుడు కరోనా ఏటి మాస్టారూ, ఏసీ పోద్దండి” అన్నాడు మర్యాదగానే. కిటికీలన్నా తీద్దామని వెళ్లి జరీ పరదా పక్కకి లాగితే వెనక ప్లైవుడ్ చెక్క, మేకులు కొట్టి ఉంది. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను. ఎనిమిది కిటికీలు, ఎనిమిదింటికీ చెక్కలే. బయట తోటలో వంటవాళ్లు గాడిపొయ్యి మీద బూరెలు వేస్తున్నారు, ఏటి గాలి హాయిగా వీస్తోంది. తిరిగొచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని “రండి బాబాయిగారూ, ఇక్కడ ఉక్కగా ఉంది” అని కొబ్బరిచెట్ల కిందకి తీసుకొచ్చి కుర్చీ వేశాను.